‘ఎంతవుతుంది డాక్టర్ గారూ?’ అని అడగడానికి మొహమాటం ఎందుకు

ప్రశ్న: మాది విజయవాడ. మా ఇంట్లో జూలీ అని మూడేళ్ళ ఆడ లాబ్రడార్ ఉంది. కిందటి నెల నాలుగు రోజులు తిండి మానేసింది. వాంతులయ్యాయి. ముక్కులోంచి రక్తం కారేసరికి హడలిపోయి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి పరిగెత్తాం. టిక్ ఫీవర్ (గోమార్లు, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) అన్నారు. ఒంటి మీద ఉన్నవన్నీ ఏరేశాం. మూడోరోజు సాయంత్రం పెరుగన్నం తింది. అయిదు రోజులు తిప్పుకున్నాక బిల్లు రూ. 14,600 అయింది. జూలీ లేచి తిరుగుతోంది, అంతవరకూ సంతోషమే. కానీ పక్కింటివాళ్ళు ‘నిలువునా దోచేశారు’ అంటున్నారు. మా అత్తగారు పసుపు, వేపాకు రాస్తే పోయేదానికి ఇదంతా ఎందుకంటారు. మావారు ‘ఇంకోసారి ఇలా అయితే ఎవరికైనా ఇచ్చేద్దాం’ అనేశారు. ఎంతవుతుందో ముందే అడుగుదామని రోజూ అనుకునేదాన్ని. డబ్బు సంగతి ఎత్తితే కుక్క మీద ప్రేమ లేదనుకుంటారేమోనని నోరు పెగల్లేదు. ఇప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించమంటున్నారు. మేం మోసపోయామా? మంచి డాక్టర్ని ఎలా పట్టుకోవాలి? ఈ ఖర్చు ఎలా తట్టుకోవాలి? బిల్లు, రిపోర్టు ఫోటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు:

అమ్మా,

రెండు ఫోటోలూ చూశాను. ముందు రిపోర్టు సంగతి చెబుతాను. జూలీ ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు, 42,000 ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి అవి రెండు లక్షల పైన ఉండాలి. ముక్కులోంచి రక్తం వచ్చింది అందుకే. ఇంకో నాలుగు రోజులు పసుపూ వేపాకూ అని కూర్చుని ఉంటే మీరు నాకు రాసే ఉత్తరం వేరేలా ఉండేది. అత్తగారి మీద కోపం వద్దు. గోమార్లు పట్టిన చోట వేపనూనె రాయడం ఆవిడ చిన్నప్పటి నుంచీ చూసిన వైద్యం. పైన ఉన్న గోమారికి అది కాస్తో కూస్తో పనిచేస్తుందేమో గానీ, కుట్టి రక్తంలోకి ఎక్కించిన జబ్బుకి పనిచెయ్యదు. కిరోసిన్ మాత్రం రాయనివ్వకండి. చర్మం కాలిపోయి వచ్చిన కుక్కల్ని చాలానే చూశాను.

ఇక బిల్లు. పక్కింటివాళ్ళ మాట పక్కన పెట్టి, ఒక్కో వరసా చూద్దాం. ఫీజులు మొదటిరోజు 500, తర్వాత నాలుగు రోజులూ 300 చొప్పున, మొత్తం 1,700. రక్త పరీక్షలు మూడూ కలిపి 4,100. స్కానింగ్ 1,500. సెలైన్, ఇంజెక్షన్లు రోజుకి 900 చొప్పున 4,500. మాత్రలు 1,200. చివర్లో లివర్ టానిక్, ‘ఇమ్యూనిటీ’ పౌడరు, షాంపూ కలిపి 1,600.

రక్త పరీక్షల్లో నేనైతే ఒక్కటీ తీసెయ్యను. కణాల లెక్క లేకపోతే ప్లేట్‌లెట్ల సంగతి తెలిసేది కాదు. ఏ జబ్బో కిట్ పరీక్ష చెప్పింది. ఎర్లీకియా, బబీసియా రెండూ గోమార్ల వల్లే వస్తాయి, రెండిట్లోనూ కుక్క డీలా పడుతుంది, జ్వరం వస్తుంది, కానీ మందులు వేరు. తేల్చుకోకుండా గుడ్డిగా ఇంజెక్షన్లు పొడిస్తే అదే అసలు దుబారా. కిడ్నీ, లివర్ పరీక్ష కూడా, నాలుగు రోజులు తిండిలేని కుక్కకి తప్పని పరీక్షే. మొదటి రెండు మూడు రోజుల సెలైన్ కూడా అంతే. వాంతులవుతుంటే మాత్ర కడుపులో నిలవదు కదా.

స్కానింగ్ దగ్గర నేను కాస్త ఆగేవాణ్ణి. ఈ జబ్బులో ప్లీహం వాచడం మామూలే. మందు మొదలుపెట్టాక కూడా తిండి తినకపోతే అప్పుడు తీయించేవాణ్ణి. మీరు రాసిన దాన్ని బట్టి జూలీ మూడోరోజు సాయంత్రం పెరుగన్నం తింది. తిండి తింటున్న కుక్కని చివరి రెండు రోజులు మాత్రల మీద ఇంట్లోనే ఉంచొచ్చేమో డాక్టర్ని అడగాల్సింది. ఆయన కాదనడానికి కారణం ఉంటే చెప్పేవాడు. చివరి వరసలోని 1,600 ‘ఇప్పుడు వద్దండీ’ అనదగ్గ సరుకు. అన్నీ కలిపితే అయిదు వేలు పైచిలుకు మిగిలేవి. తక్కిన తొమ్మిది వేలూ జూలీ ప్రాణానికి పెట్టిన ఖర్చు. కాబట్టి నా లెక్కలో ఇది మోసం కాదు. మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే.

ఆయన చెప్పకపోవడం గురించి ఒక మాట చెప్పాలి. అలాంటి తప్పే నేనూ చేశాను, ఎంత పెట్టుకోగలరని అడగకుండా. పశువైద్యుడిగా సర్వీసులో చేరిన కొత్తల్లో సాయంత్రంపూట ఇంటి దగ్గర కూడా కుక్కల్ని చూసేవాణ్ణి. ఒకరోజు రాత్రి ఒక ఆటో డ్రైవరు తన పామరేనియన్‌ని తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. ఏడెనిమిదేళ్ళ ఆడకుక్క, గర్భసంచిలో చీము పట్టింది. వెంటనే ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. నేను ఉత్సాహంగా గడగడా చెప్పుకుపోయాను: రక్త పరీక్ష, ఎక్స్‌రే, మత్తు, కుట్లు, వారం రోజుల ఇంజెక్షన్లు, ఇంతవుతుంది, రేపు పొద్దున్నే తీసుకురా అని. అతను అన్నిటికీ తలూపాడు. ‘అలాగేనండి, ఇంటికెళ్ళి చెప్పొస్తా’ అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పది రోజుల తర్వాత బజార్లో కనిపిస్తే అడిగాను. తల దించుకుని, ‘పోయిందండి, అన్ని డబ్బులు లేవని మీతో ఎలా చెప్పను’ అన్నాడు. ఆ పట్టణానికి గంట దూరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. ఒక చీటీ రాసిచ్చి బస్సెక్కిస్తే, నేను చెప్పిన దాంట్లో నాలుగోవంతుతో పనైపోయేది. నేను అతన్ని అడగలేదు, అతను నాకు చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఏ కేసైనా సరే, ‘ఎంతలో చేద్దామనుకుంటున్నారు?’ అని నేనే ముందు అడగడం అలవాటు చేసుకున్నాను.

మీ డాక్టరు అలా అడగకపోతే మీరే చెప్పండి. ‘డాక్టర్ గారూ, మా చేతిలో ఇప్పుడు అయిదు వేలున్నాయి. ముందు తప్పనిసరిగా చేయాల్సింది ఏది? రెండు రోజులు ఆగితే ఫరవాలేనిది ఏది?’ ఈ రెండు ప్రశ్నలూ చాలు. ఇందులో ప్రేమ లేకపోవడం ఏమీ లేదు. ఒకే జబ్బుకి మూడు నాలుగు రకాలుగా వైద్యం చేయొచ్చు. అన్ని పరీక్షలతో చేయొచ్చు, ముఖ్యమైన రెండింటితో చేయొచ్చు, ఒక్కోసారి పరీక్ష లేకుండా మందిచ్చి రెండు రోజులు చూడొచ్చు. ఆ దారులన్నీ డాక్టరుకి తెలుసు. మీ జేబు సంగతే ఆయనకి తెలీదు. అడిగినందుకు చిరాకు పడితే, మొహమాటపడకుండా ఇంకో డాక్టర్ని వెతుక్కోండి.

డాక్టర్ని ఎంచుకోవడం అన్నారు. కుక్క మూలుగుతున్నప్పుడు ఆ పని చెయ్యలేం. ఆ టెన్షన్‌లో ఎవరి బోర్డు ముందు కనిపిస్తే వాళ్ళే మన డాక్టరు. జూలీ బాగున్నప్పుడు, టీకా వేళకో, గోళ్ళు తీయించడానికో, ఒకటి రెండు చోట్లకి తీసుకెళ్ళి చూడండి. బోర్డు మీద పేరు పక్కన బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్. అనే పశువైద్య డిగ్రీ ఉందా, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని మొదట చూడాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పేరు నమోదైన వాళ్ళే వైద్యం చేయాలి. ఇంటికొచ్చి సూదేసి వెళ్ళే కాంపౌండర్లు, కుక్కపిల్లల్ని అమ్మే షాపులో ‘మా అన్న వేస్తాడులే’ అనే అన్నలు, వీళ్ళు వేరు. ఊళ్ళో పశువులకి చూలు సూదులు వేసే గోపాలమిత్ర అంటే నాకు గౌరవమే. గేదెకి సూది కట్టించడానికి ఆయన చాలు. మీ లాబ్రడార్ ప్లేట్‌లెట్ల సంగతి ఆయన పని కాదు.

లోపలికెళ్ళాక నేనైతే మొదట ఒకటే చూస్తాను, కుక్కని తూకం వేశారా లేదా అని. నవ్వకండి. కుక్క మందులన్నీ కిలోల లెక్క. చువావా రెండు కిలోలుంటుంది, గ్రేట్ డేన్ అరవై ఉంటుంది. ‘పాతిక ఉంటుందిలే’ అని కంటి తూకంతో ఇంజెక్షన్ తీసే చెయ్యి నాకు నచ్చదు. తర్వాత జ్వరం చూశారా, పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూశారా, పొట్ట నొక్కి చూశారా అన్నది గమనించండి. కుక్కకి 101, 102 ఫారన్‌హీట్ మామూలు ఒంటివేడే, మనకైతే అది జ్వరం. ఒక కుక్క దిగాక, ఇంకోదాన్ని ఎక్కించే ముందు బల్ల తుడిచారా అన్నది కూడా. పార్వో అనే అంటుజబ్బు పట్టిన కుక్కపిల్ల పడుకున్న బల్ల మీద టీకాలింకా పూర్తికాని కుక్కపిల్లని పడుకోబెడితే, టీకా కోసం వెళ్ళి జబ్బు తెచ్చుకున్నట్టు.

ఇక కాగితం. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది రాసివ్వాలి. ‘మా దగ్గరే ఇంజెక్షన్ ఉంది, వేసేశాం, తగ్గిపోతుంది’ అని పేరు చెప్పని మందుకి దణ్ణం పెట్టేయండి. సాధారణంగా అది స్టెరాయిడ్ అయ్యుంటుంది. గంటలో కుక్క హుషారుగా లేస్తుంది, మనం ‘హస్తవాసి’ అని మురిసిపోతాం, అసలు జబ్బు లోపల అలాగే ఉంటుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, అది అవసరమైన జబ్బులూ ఉన్నాయి. పేరు దాచడమే చెడ్డ.

టీకా కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. టీకా సీసాకి చిన్న స్టిక్కరు ఉంటుంది, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. దాన్ని ఊడదీసి కార్డులో అంటించి, పక్కన సంతకం, తేదీ వేయాలి. ఉత్త పెన్నుతో ‘టీకా వేయబడినది’ అని రాసి ఉంటే, వేశారో లేదో దేవుడికే తెలియాలి. టీకా తీసింది ఫ్రిజ్‌లోంచా, బల్ల సొరుగులోంచా అన్నదీ చూడండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచకపోతే అందులో పస ఉండదు. బెజవాడ మే నెల ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు.

నేను బాగా నమ్మే గుర్తు ఇంకొకటుంది. ‘ఇది నా దగ్గర అవ్వదు, ఫలానా చోటికి తీసుకెళ్ళండి’ అనగలిగే డాక్టరు మంచి డాక్టరు. రాత్రి పదింటికి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా ముందే అడిగి ఫోన్లో పెట్టుకోండి.

ఇప్పుడు పెద్దాసుపత్రి సంగతి. మీకు ఇరవై కిలోమీటర్ల దూరంలో, ఎయిర్‌పోర్టు ఉన్న ఆ గన్నవరంలోనే, ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. దానికి ఆసుపత్రి ఉంది. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ కింద ఇలాంటి కాలేజీలు తిరుపతి, ప్రొద్దుటూరు, గరివిడిలో కూడా ఉన్నాయి. తెలంగాణలో చదువుతున్నవాళ్ళకి రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. హైదరాబాదు నడిబొడ్డున నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ప్రొఫెసర్లుంటారు, సర్జన్లుంటారు, ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకుని కూర్చోవాలి. మీ జూలీ చుట్టూ పదిమంది విద్యార్థులు నిలబడి ఒకరి తర్వాత ఒకరు స్టెతస్కోపు పెట్టి చూస్తారు, అడిగిందే మళ్ళీ అడుగుతారు. కొందరికి అది విసుగు. నాకైతే పదిమంది చూస్తే ఇరవై కళ్ళు పడ్డట్టే. కానీ రక్తం కారుతున్న రాత్రి గన్నవరం పనికిరాదు, ఆ రాత్రికి మీ వీధి క్లినిక్కే దిక్కు. అందుకే రెండూ పెట్టుకోండి. జ్వరం, వాంతులు, దెబ్బలకి దగ్గరి డాక్టరు. ఆపరేషన్‌కి, అంతుపట్టని జబ్బుకి కాలేజీ. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి వెంట తీసుకెళ్తే, చేసిన పరీక్షే మళ్ళీ చేయించే ఖర్చు తప్పుతుంది.

మాత్రలకి 1,200 అయ్యాయి. బిల్లులో ఉన్నది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్. ఇది మనుషులు కూడా వాడే పాత మందే, జన ఔషధి దుకాణాల్లో జనరిక్‌గా దొరుకుతుంది. తర్వాతి చీటీ రాసేటప్పుడు ‘జనరిక్ పేరు రాయండి, బయట కొనుక్కుంటాం’ అని అడగండి. అయితే ఇక్కడే ఒక ప్రమాదం. మనుషుల మందు కుక్కకి పనిచేస్తుందని తెలిశాక కొందరు సొంత వైద్యం మొదలుపెడతారు. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసిటమాల్ వేస్తారు. ఒక్క మాత్ర చాలు, పిల్లి చచ్చిపోతుంది. ఒళ్ళు నొప్పులని కుక్కకి ఐబుప్రోఫెన్ వేస్తారు, కడుపులో పుళ్ళు పడి, కిడ్నీలు దెబ్బతింటాయి. మందు చవగ్గా కొనండి, ఏ మందో మాత్రం మీరు తేల్చకండి.

ఆపరేషన్ చేయించమని మీ డాక్టరు చెప్పింది డబ్బు కోసం కాదు. ఆ ఆటో డ్రైవరు కుక్కకి వచ్చిందే, ఆపరేషన్ కాని ఆడకుక్కలకి వయసు మీద పడ్డాక, ఎదకొచ్చి వెళ్ళిన కొన్ని వారాలకి వచ్చే జబ్బు. ఇప్పుడు స్థిమితంగా చేయించుకునే ఆపరేషన్‌కి అయ్యే దానికి, అప్పుడు అర్ధరాత్రి ప్రాణాల మీదికొచ్చాక అయ్యే దానికి పొంతనే లేదు. కానీ ఇప్పుడే వద్దు. ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాయని ఇంకో పరీక్షలో తేలాకే కత్తి పెట్టించాలి, లేకపోతే రక్తం ఆగదు. ఎదలో ఉన్నప్పుడు కూడా వద్దు, అది వెళ్ళాక రెండు మూడు నెలలు ఆగండి. ఈలోగా గన్నవరంలో ఎంతవుతుందో, ఎప్పుడు చేస్తారో కనుక్కోండి.

మీ వారి మాట గురించి. ఆయన కోపం కుక్క మీద కాదు, నెల మధ్యలో చెప్పాపెట్టకుండా పద్నాలుగు వేలు పోవడం మీద. నాకది అర్థమవుతుంది. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో జూలీ పేరు చెప్పి నెలకో వెయ్యి రూపాయల ఆర్‌డీ కట్టండి. ఏడాదికి పన్నెండు వేలు. టీకాలు, నులిపురుగుల మందు, గోమార్ల మందు పోను ఎంతో కొంత మిగిలి, ఇలాంటి రోజున సగమైనా ఆదుకుంటుంది. కుక్కలకి ఇన్సూరెన్స్ కూడా ఉంది, కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. తీసుకునే ముందు ఏవేవి ఇవ్వరో ఆ పేజీ చదవండి. టీకాల ఖర్చు ఇందులో ఉండదు, అంతకుముందే ఉన్న జబ్బుకీ సాధారణంగా ఇవ్వరు, వయసు దాటితే అసలు తీసుకోరు. మూడేళ్ళ కుక్కకి ఇంకా దారి ఉంది, కనుక్కుని చూడండి. రేబిస్ టీకాకైతే డబ్బే అక్కర్లేదు. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం రోజున, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజది. మీవారినే జూలీని పట్టుకుని వెళ్ళమనండి, ఇంటికొచ్చేసరికి కోపం కాస్త తగ్గుతుంది.

ఆఖరుగా, అసలు దొంగల గురించి. మీ రూ. 14,600 తిన్నది గోమార్లు, డాక్టరు కాదు. మీరు ‘ఒంటి మీద ఉన్నవన్నీ ఏరేశాం’ అని రాశారు. కుక్కకి పట్టే గోధుమరంగు గోమారి బతుకు ఎక్కువ భాగం కుక్క మీద గడవదు. పిల్లప్పుడు ఒకసారి, కాస్త పెరిగాక ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి ఎక్కి రక్తం తాగుతుంది, ప్రతిసారీ దిగిపోతుంది. దిగి గోడ పగుళ్ళలో, తలుపు చట్రం వెనక దాక్కుంటుంది. ఆడది అక్కడే వేలల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి జూలీకి మాత్రో, మెడ మీద పోసే మందో డాక్టరు చెప్పిన గడువు తప్పకుండా వాడుతూ, ఇంటికి కూడా మందు కొట్టించాలి. మీ ఇంట్లో పిల్లి ఉన్నట్టు ఫోటోలో ఒక మూల కనిపించింది. కుక్కకి వేసే పెర్మెత్రిన్ మందు దానికి అంటనివ్వకండి, పిల్లికది విషం. ఏరినవాటిని గోళ్ళతో నలపొద్దు, సబ్బునీళ్ళలో వేయండి.

డాక్సీసైక్లిన్ మొత్తం 28 రోజులూ వేయాలి, అన్నం పెట్టాక, పైన నీళ్ళు తాగించి. జూలీ ఇప్పుడు గంతులేస్తోంది కాబట్టి మధ్యలో మానేద్దామనిపిస్తుంది. మానేస్తే జబ్బు లోపల నక్కి కూర్చుంటుంది, మళ్ళీ లేచినప్పుడు ఇంతకన్నా ఖర్చు. ఈ రాత్రి ఇంట్లో లైట్లు తీసేసి, టార్చి వేసి, జూలీ పడుకునే మూలలో గోడకీ నేలకీ మధ్య సందు ఒకసారి చూడండి. నల్ల మిరియాల్లాంటివి కనిపిస్తే రేపు పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేసి, ఇంటికి కొట్టే మందేదో అడగండి. దాని ఖరీదు కూడా అడగండి.